ఏం నంజుకుంటారు అని అడగండి

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం లీడరు మాట్లాడిన మాటలు)



పొద్దుటి నుంచి పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి, స్త్రీనిధి రికవరీ గురించి అందరూ బాగా చెప్పారు. నాకు ఆరోగ్యం మీద మాట్లాడమని పేపర్లో రాసి ఇచ్చారు. నేను ఉప్పు గురించి మాట్లాడతాను. నవ్వకండి. గుండె జబ్బు ఉన్న మనిషి ఇంట్లో ఉంటే ఉప్పు ఎంత పని చేస్తుందో నేను డబ్బు కట్టి నేర్చుకున్నాను. ఆ డబ్బు కూడా మన సంఘంలో తీసుకున్న అప్పే. నెలనెలా కడుతున్నాను కాబట్టి బాగా గుర్తుంది.

నేను పుట్టింది చినగంజాం వైపు. మా అమ్మా నాన్నా ఉప్పు కొటార్లలో పని చేశారు. సంక్రాంతి దాటాక మొదలైతే మళ్లీ వానలు పడేదాకా అదే పని. మా అమ్మ ఉప్పు గంపలు మోసి మోసి కాళ్లు పగిలి, ఆ పగుళ్లలో ఉప్పు నీళ్లు దిగి రాత్రుళ్లు ఏడ్చేది. ఉప్పు డబ్బుతోనే నేను పదో తరగతి దాకా చదివాను. కాబట్టి ఉప్పును తిట్టడానికి నేను ఇక్కడికి రాలేదు. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అంటుందట ఉప్పు. ఆ మాట నిజమే. అయితే ఎంత వేసి చూడాలి అనేది దగ్గరే మా ఇల్లు దెబ్బతింది.

మా మామయ్యకు గుండెపోటు వచ్చి మూడేళ్లవుతోంది. ఆరోగ్యశ్రీ కింద స్టెంటు వేశారు. ప్రాణం దక్కింది గానీ గుండె పంపింగ్ తగ్గిందని చెప్పారు. డిశ్చార్జి రోజు ఓపీ నిండా జనం. డాక్టరు గారు మందులు రాసి, ‘ఉప్పు తగ్గించండి, రెండు వారాల తర్వాత రండి’ అన్నారు. ఒక్క మాట. డిశ్చార్జి కాగితంలో కూడా ‘లో సాల్ట్ డైట్’ అని ఇంగ్లీషులో ఉంది. అది ఏ మందు పేరో అని మా ఆయన మందుల షాపులో అడిగాడు కూడా. ఇంగ్లీషు చదవగలిగిన నేను ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాను, చదవలేదు.

అయినా మేము ఉప్పు తగ్గించామనే అనుకున్నాం. మామయ్యకు మజ్జిగన్నంలో ఉప్పు చల్లుకునే అలవాటు ఉండేది, అది మాన్పించాం. కంచం పక్కన ఉప్పు డబ్బా పెట్టడం మానేశాం. మా అత్తమ్మ అయితే ఆయన కోసమని ఉప్పును మూకుట్లో వేయించి వేరే సీసాలో పోసింది. వేయించిన ఉప్పు బీపీ చేయదని ఆమెకు ఎవరో చెప్పారు. ఇంత శ్రద్ధ తీసుకుంటున్నాం కదా అని మాకు ధైర్యం.

పోయినేడు సంక్రాంతి వచ్చింది. ఆడపడుచు వాళ్లు పిల్లలతో వచ్చారు. జంతికలు, పప్పు చెక్కలు, కనుమ రోజు కోడికూర, మిగతా రోజుల్లో పప్పుచారులోకి ఉప్పుచేప. మామయ్య అందరితో పాటే తిన్నాడు. పండగ పూట ఎవరు కాదంటారు? నాలుగో రోజుకు కాళ్లు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండేది. తిరుగుడు ఎక్కువైందిలే అనుకున్నాం. రాత్రి పడుకుంటే దగ్గు, లేచి కూర్చుంటే కాస్త నయం. జలుబు చేసిందని దగ్గు మందు పోశాం. ఆరో రోజు రాత్రి రెండు గంటలప్పుడు వసారాలో గుంజ పట్టుకొని కూర్చుని గాలి అందక నోరు తెరిచి ఎగపోస్తున్నాడు. 108కి ఫోన్ చేశాం.

ఆసుపత్రిలో డాక్టరు గారు అడిగారు, ‘ఉప్పు తింటున్నాడా?’ అని. ఆయాసంలో కూడా మామయ్య చెయ్యి అడ్డంగా ఊపాడు. ‘లేదండి, రెండేళ్లయింది మానేసి’ అని నేను చెప్పాను. అబద్ధం చెప్తున్నానని నాకు తెలియదు. నేను నిజమే చెప్తున్నాననుకున్నాను.

తెల్లవారాక ఒక పెద్ద నర్సమ్మ ఇంజెక్షన్ చేయడానికి వచ్చింది. మన వైపు మనిషే. ఆమె ఉప్పు మాట ఎత్తలేదు. ‘పెద్దాయనా, మజ్జిగన్నంలోకి ఏం నంజుకుంటావు?’ అంది. మామయ్య టక్కున ‘మాగాయ’ అన్నాడు. ‘పప్పులోకి?’ ‘ఊర మిరపకాయలు, లేకపోతే అప్పడం.’ ‘పొద్దున ఇడ్లీలోకి?’ ‘కారప్పొడి.’ ‘సాయంత్రం?’ ‘బడ్డీ కొట్లో రెండు బజ్జీలు.’ అప్పుడు ఆమె నా వైపు తిరిగి, ‘అమ్మాయ్, ఇంకా ఉప్పు మానేశాడంటావా?’ అంది. నేను తల దించుకున్నాను. ఆ మాగాయ నేను పెట్టిందే.

అక్కలారా, ఇక్కడే ఉంది అసలు సంగతి. మన ఇళ్లలో ఉప్పు అంటే డబ్బాలో ఉండే తెల్లటి పొడి ఒక్కటే. కూరలో కరిగిపోయింది ఉప్పు కాదు, కూర. మాగాయలో ఉన్నది ఉప్పు కాదు, పచ్చడి. ఉప్పుచేపకు పేరులోనే ఉప్పు ఉన్నా అది మనకు చేపే. అందుకే గుండె జబ్బు వాళ్లను ఉప్పు తింటున్నారా అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. వాళ్ల మనసులో అది నిజమే.

ఆసుపత్రి నుంచి వచ్చాక మా గ్రామ సంఘం పరిధిలో గుండె జబ్బుకు మందులు వాడుతున్న ఇళ్లు తొమ్మిది ఉంటే, ఆశా అక్కతో కలిసి తొమ్మిదింటికీ వెళ్లాను. ముందు డాక్టరు అడిగినట్టు అడిగాను, తర్వాత నర్సమ్మ అడిగినట్టు అడిగాను. మొదటి ప్రశ్నకు అందరూ ‘తగ్గించాం’ అన్నారు. రెండో ప్రశ్నకు అన్ని ఇళ్లలోనూ ఏదో ఒక జాడీ బయటికి వచ్చింది. ఒక ఇంట్లో పండు మిరపకాయ పచ్చడి, ఒక ఇంట్లో చింతకాయ పచ్చడి, ఒక ఇంట్లో ఎండు రొయ్యలు. ఒక పెద్దమ్మ అయితే, ‘ఉప్పు మానేశాను కదమ్మా, నోటికి రుచి తెలియక రెండు పూటలా ఆవకాయే కలుపుకుంటున్నా’ అంది. ఉప్పు మానేసినందుకే ఉప్పు పెరిగింది, చూడండి.

ఆవకాయ లెక్క చెప్తాను. మా సంఘం ఊరగాయలు పెట్టి అమ్ముతుంది కాబట్టి కొలత నాకు నోటికి వచ్చు. ఐదు కిలోల మామిడి ముక్కలకు కిలో కారం, కిలో ఆవపిండి, కిలో ఉప్పు, కిలోన్నర నూనె, మెంతులు వెల్లుల్లి అన్నీ కలిపి అరకిలో. మొత్తం పది కిలోలు. అందులో కిలో ఉప్పు, అంటే పదో వంతు. ముక్కతో పాటు గుజ్జు ఒక గరిట చివరతో వేసుకుంటే 20 గ్రాములు ఉంటుంది, నేను త్రాసు మీద పెట్టి చూశాను. అందులో ఉప్పు 2 గ్రాములు. రెండు పూటలకు 4 గ్రాములు. మనిషికి రోజు మొత్తానికి 5 గ్రాములలోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా 5 గ్రాములు దాటొద్దనే చెప్పింది. ఐదు గ్రాములంటే తలకొట్టిన టీ చెంచాడు. అది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు. గుండె పంపింగ్ తగ్గిన వాళ్లకు ఎంత అనేది వాళ్ల డాక్టరే చెప్పాలి. ఆవకాయలోనే నాలుగు అయిపోతే కూర, పప్పు, చారు, టిఫిను వీటన్నింటికీ మిగిలింది ఒక్క గ్రాము.

గుండెకూ ఉప్పుకూ సంబంధం ఏంటని మా అత్తమ్మ అడిగింది. నేను ఆమె భాషలోనే చెప్పాను. మాగాయకు ముక్కలు తరిగి ఉప్పు పట్టించి పెడితే మూడో రోజుకు ఊట ఊరుతుంది కదా. వానాకాలంలో ఉప్పు జాడీ మూత తీసి పెడితే నీరు కారుతుంది కదా. ఉప్పు ఎక్కడుంటే అక్కడికి నీళ్లను లాక్కుంటుంది. ఒంట్లో కూడా అంతే. ఉప్పు ఎక్కువైతే నీరు బయటికి పోకుండా నిలుస్తుంది, దాహం పెరిగి ఇంకా నీళ్లు తాగుతాం. గుండె గట్టిగా ఉన్నవాళ్లకు అది వెంటనే తెలియదు, బీపీ రూపంలో మెల్లగా తెలుస్తుంది. గుండె బలహీనపడ్డ వాళ్లకు అరిగిపోయిన మోటరు లాగా ఆ నీటిని తోడలేక కాళ్లలోకి, పొట్టలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అందుకే పడుకుంటే ఆయాసం. వాళ్లకు ఇచ్చే నీళ్ల మాత్ర ఆ నీటిని ఒంటేలుకు పోయేలా చేస్తుంది. పొద్దున మాత్ర వేసి మధ్యాహ్నం మాగాయ పెడితే ఒక చేత్తో తోడి ఇంకో చేత్తో పోసినట్టే.

వేయించిన ఉప్పు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ తొమ్మిది ఇళ్లలో నాలుగు ఇళ్లలో వేయించిన ఉప్పు సీసా ఉంది. వేయిస్తే ఉప్పులో తడి పోతుంది, సోడియం పోదు. మనకు చేటు చేసేది సోడియం. అలాగే పచ్చి ఉప్పే చెడ్డది, కూరలో ఉడికింది పర్వాలేదు అంటారు. ఉడికినా అదే ఉప్పు. ఒక ఇంట్లో బెంగుళూరు నుంచి కొడుకు సైంధవ లవణం పంపిస్తే, ఇది మందు లాంటిదని అంతకుముందు కంటే ఎక్కువ వేసుకుంటున్నారు. రంగు వేరు గానీ అందులోనూ దాదాపు అంతా సోడియమే, పైగా అయోడిన్ ఉండదు. మా ఊళ్లో కల్లుప్పు మంచిదంటారు. నేను కొటార్ల పిల్లనే చెప్తున్నాను, రాయి పెద్దదైతే చెంచాలో తక్కువ పడుతుంది, అంతే తేడా. తూకం వేస్తే రెండూ ఒకటే.

ఇంకొకటి జాగ్రత్తగా వినండి. తక్కువ సోడియం ఉప్పు అని ఇప్పుడు ప్యాకెట్లు వస్తున్నాయి. వాటిలో సోడియం కొంత తీసి పొటాషియం కలుపుతారు. ఏ జబ్బూ లేని వాళ్లకు అది మంచిదే కావచ్చు. కానీ కిడ్నీ బాగా లేని వాళ్లకు, గుండెకు కొన్ని రకాల మాత్రలు వాడే వాళ్లకు రక్తంలో పొటాషియం పెరిగిపోయి గుండె కొట్టుకోవడమే తప్పిపోవచ్చు. మా విలేజ్ క్లినిక్ మేడం ఇది చెప్పకముందే ఒక ఇంట్లో ఆ ప్యాకెట్ కొని సగం వాడేశారు. టీవీలో చూసి కొనకండి. మందుల చీటీ తీసుకెళ్లి డాక్టరును అడిగి కొనండి.

గ్యాస్ అని తాగే సోడా, పొంగే పొడి ప్యాకెట్లు, బజ్జీల్లో వంట సోడా, వీటిలోనూ సోడియం ఉంటుంది. గుండె జబ్బు మనిషి గుండెలో పట్టేసినట్టుందంటే గోలీ సోడా తాగించి పడుకోబెట్టడం మన ఊళ్లలో మామూలు. అప్పుడు 108కి ఫోన్ చేయాలి, సోడా కోసం పరిగెత్తకూడదు.

సరే, తెలిసింది. తెలిసినాక ఏం చేశానో, ఎక్కడ తప్పు చేశానో కూడా చెప్తాను.

ఆసుపత్రి నుంచి రాగానే భయంతో మామయ్యకు అన్నీ చప్పిడిగా వండాను. ఉప్పు అసలు వేయలేదు. మాకు వేరే, ఆయనకు వేరే. రెండు రోజులు తిన్నాడు. మూడో రోజు కంచం పక్కకు నెట్టి, ‘ఈ చప్పిడి కూడు తిని బతికేదానికంటే పోవడమే నయమే తల్లీ’ అన్నాడు. నా మీద కోపం కాదు, ఆయన కళ్లలో నీళ్లు వచ్చాయి. ఎదురుగా మనవళ్లు ఆవకాయ కలుపుకొని తింటుంటే ఆయనకు ఎట్టా ఉంటుంది? వారంలో మనిషి నీరసపడ్డాడు. అంతలో మా చిన్నోడు వచ్చి, ‘అమ్మా, తాత వెనకింటి నానమ్మ దగ్గర ఉప్పుచేప తెచ్చుకొని పశువుల కొట్టంలో తింటున్నాడు’ అని చెప్పాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఈ సంగతి డాక్టరు గారికి చెప్తే ఆయన నన్నే కోప్పడ్డారు. నీళ్ల మాత్ర వాడే పెద్దవాళ్లు తిండి మానేసినా, ఉప్పు మరీ పడిపోయినా కళ్లు తిరిగి పడిపోతారట, మతి తప్పుతుందట. తగ్గించమన్నాను గానీ మాన్పించమన్నానా అన్నారు.

అప్పుడు దారి మార్చాను. మామయ్యకు వేరే వండడం మానేసి ఇంటిల్లిపాదికీ తగ్గించాను. దానికి ముందు మా ఇంట్లో ఎంత ఖర్చవుతుందో తెలియాలి కదా. కిలో ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద పెన్నుతో తేదీ రాశాను. ఇరవై రోజులకు అయిపోయింది. మేము ఆరుగురం. కిలోను ఇరవైతో భాగిస్తే రోజుకు 50 గ్రాములు, ఆరుగురికి పంచితే మనిషికి 8 గ్రాముల పైనే. మన దేశంలో సగటు కూడా 8 గ్రాముల దగ్గరే ఉందని శిక్షణలో చెప్పారు. అయితే మాది ఊరగాయలు, ఉప్పుచేప, కొట్టు తిండి కలపని లెక్క. ఆరుగురికి మనిషికి ఐదు చొప్పున 30 గ్రాములు వేసుకున్నా ఆ ప్యాకెట్ 33 రోజులు రావాలి. పిల్లలకు అంత కూడా అక్కర్లేదు కాబట్టి ఇంకా ఎక్కువ రోజులు రావాలి. ఊరగాయ కూడా తింటుంటే మరీ ఎక్కువ రోజులు రావాలి.

ఒకేసారి తగ్గించలేదు. చేత్తో వేయడం మానేసి చెంచాతో వేశాను, అదే మొదటి మార్పు. మన చేతికి కొలత తెలుసని మనకు గర్వం. నా చేతి ఉప్పును త్రాసులో వేస్తే ఒక్కో రోజు ఒక్కో తూకం వచ్చింది. తర్వాత పది రోజులకొకసారి పావు చెంచా చొప్పున తగ్గించాను. అన్నం వార్చేటప్పుడు ఉప్పు వేసే అలవాటు తీసేశాను. చారులో మిరియాలు, జీలకర్ర పెంచాను. వేపుడు దించాక నిమ్మకాయ పిండాను, వెల్లుల్లి, కొత్తిమీర దండిగా వేశాను. పులుపు ఉంటే ఉప్పు తక్కువైనట్టు నాలుకకు తెలియదు. మొదటి నెల మా ఆయన గొణిగాడు. ఎండలో పని చేసేవాడికి ఉప్పు కావాలి అన్నాడు. కావాలి, ఎవరు కాదన్నారు, పొలానికి తీసుకెళ్లే మజ్జిగలో చిటికెడు వేశాను. రెండో నెలలో మా ఆడపడుచు ఇంటికి వెళ్లి వచ్చి ఆయనే, ‘వాళ్ల పప్పు ఉప్పు కషాయం’ అన్నాడు. నాలుక మారింది.

మామయ్యకు మాగాయ పూర్తిగా తీసేయలేదు. డాక్టరు గారిని అడిగే చేశాను. మధ్యాహ్నం ఒక్క పూట, గుజ్జు దులిపిన చిన్న ముక్క ఒకటి, మజ్జిగన్నంలోకి. మిగతా మజ్జిగలో నిమ్మరసం, అల్లం, పచ్చిమిర్చి. ఆ ముక్కను ఆయన చప్పరిస్తూ అరగంట తింటాడు. ఉప్పుచేప బంద్. అప్పడాలు, ఊర మిరపకాయలు బంద్. వెనకింటి పిన్నికి నేనే వెళ్లి చెప్పాను, ‘పిన్నీ, నీ ప్రేమతో ఆయన్ను ఆసుపత్రికి పంపిస్తావు’ అని. కొంచెం కఠినంగానే అన్నాను. నాలుగు రోజులు మాట్లాడలేదు, తర్వాత మాట్లాడింది.

బరువు చూసే మిషన్ మా గ్రామ సంఘం తీర్మానం రాసి కొన్నాం. తొమ్మిది ఇళ్లలో గుండె పంపింగ్ తగ్గిన వాళ్లు నలుగురు. వాళ్లు పొద్దున లేచి ఒంటేలుకు వెళ్లొచ్చి, ఏమీ తినకముందు బరువు చూసుకోవాలి, పుస్తకంలో రాయాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. అప్పుడు వాపు కోసం, ఆయాసం కోసం ఎదురు చూడకుండా ఫోన్ చేయాలి. మొన్న ఆషాఢంలో మామయ్య కూతురింటికి వెళ్లి నాలుగు రోజులు ఉండి వచ్చాడు. పుస్తకంలో వెళ్లేముందు 58 కిలోలు, వచ్చిన మర్నాడు 60 కిలోల 300. మనిషి బాగానే ఉన్నాడు, నవ్వుతూనే ఉన్నాడు. అయినా విలేజ్ క్లినిక్ మేడంకు చెప్పాం, ఆమె ఆ రోజే డాక్టరుకు చూపించింది. ఆయన నాలుగు రోజులకు మాత్ర మోతాదు పెంచి రాశారు. వారానికి మళ్లీ 58. ఆసుపత్రిలో చేరలేదు, అప్పు చేయలేదు. మాత్ర మోతాదు మేము మార్చలేదు, డాక్టరే మార్చారు, ఇది గుర్తు పెట్టుకోండి. సంక్రాంతి అప్పుడు ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంటే వైద్యం ఉచితమే అయినా ఆటోలకు, తిండికి, బయట టెస్టులకు, మా ఆయన కూలి పోయిన రోజులకు కలిపి పద్దెనిమిది వేలు అయ్యాయి. ఆ వాయిదాలు ఇంకా నాలుగు ఉన్నాయి.

ఇప్పుడు కష్టమైన మాట. మా సంఘం ఊరగాయల సంఘం. ఆవకాయ, మాగాయ, గోంగూర నిలవ పచ్చడి, అప్పడాలు, వడియాలు. లింకేజీ లోను తీసుకొని పెట్టుకున్న వ్యాపారం. నేను ఇల్లిల్లూ తిరిగి జాడీలు మూయిస్తుంటే మా సంఘంలోనే గొడవ అయింది. ఒక పిన్ని మీటింగులో లేచి, ‘లీడరమ్మే ఊరగాయ తినొద్దంటే ఇక కొనేదెవరు? మన కడుపు మన చేత్తోనే కొట్టుకుంటామా?’ అంది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. ఆమె కూతురి కాలేజీ ఫీజు ఈ జాడీల్లోంచే వస్తుంది. ఆ రోజు మీటింగు మధ్యలో ఆగిపోయింది, పొదుపు కూడా వసూలు కాలేదు.

తర్వాత రెండు మీటింగుల్లో మాట్లాడుకున్నాం. ఆవకాయలో ఉప్పు మరీ తగ్గిస్తే బూజు పడుతుంది, అది మనందరికీ తెలుసు. కాబట్టి ఆవకాయను మార్చలేదు. సీసా మీద మాత్రం ‘బీపీ, గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి వాడండి’ అని లేబుల్ వేశాం. పొడులకు ఉప్పుతో నిలవ పని లేదు కదా, అందుకని కందిపొడి, నువ్వుల పొడి, కరివేపాకు పొడి సగం ఉప్పుతో చేశాం. ఉప్పు అసలు వేయని రకం కూడా పెట్టాం, కావాల్సిన వాళ్లు వాళ్ల కొలతతో కలుపుకుంటారు. మొదటి రెండు నెలలు పొడులు వెనక్కి వచ్చాయి. రుచి లేదన్నారు. వెల్లుల్లి, ధనియాలు, ఎండు మామిడి పొడి పెంచి మళ్లీ చేశాం. ఇప్పుడు కదులుతున్నాయి. ఆవకాయ అమ్మకం ఈ ఏడు కొంచెం తగ్గింది, అది కూడా దాచను. లేబుల్ వల్లనా, కాయ ధర పెరగడం వల్లనా అని మాలో ఇంకా వాదన నడుస్తోంది. ఆ పిన్ని లేబుల్ వల్లనే అంటుంది. ఆమె ఇక్కడే ఉంది, నన్ను చూసి నవ్వుతోంది.

కొనుక్కొచ్చే ప్యాకెట్ల మీద సోడియం ఎంతో మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే గ్రాము ఉప్పు. సాధారణంగా అది 100 గ్రాములకు రాస్తారు, ప్యాకెట్ మొత్తానికి కాదు. మీ ఇంట్లో చదువుకునే పిల్లలతో ఈ లెక్క చేయించండి, వాళ్లు తినే మిక్చర్ ప్యాకెట్‌తోనే మొదలుపెట్టించండి.

నేను సమాఖ్యను అడిగేవి రెండు. ఒకటి, గ్రామ సంఘం మినిట్స్ పుస్తకంలో ఆరోగ్యం కింద, గుండె జబ్బు ఉన్న ఇళ్ల పేరు ఎదురుగా ఉప్పు ప్యాకెట్ విప్పిన తేదీ, అయిపోయిన తేదీ రాయిద్దాం. కాగితం ఖర్చు తప్ప ఇంకేం లేదు. రెండు, బరువు మిషన్ లేని గ్రామ సంఘాలకు సమాఖ్య నిధి నుంచి ఒక్కొక్కటి ఇప్పించండి. తీర్మానం నేను రాసుకొనే వచ్చాను, అధ్యక్షురాలు అక్క అనుమతిస్తే చదువుతాను. ఒప్పుకునే వాళ్లు చేతులెత్తండి. ఒప్పుకోని వాళ్లు భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి, మాట్లాడుకుందాం. మా స్టాలు షామియానా బయట ఎడమ పక్కన ఉంది, పొడులు రుచి చూసి ఏం తక్కువైందో చెప్పండి.